తుడిచేముందు

తాడిపత్రి
ఫిబ్రవరి 9

వదినకు సుజాత నమస్కారాలు.

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మరమగ్గాల మోత నీ చెవులను తినేసింది కదా, నీకు వినపడాలంటే నేను సందంతా వినపడేట్టు అరవాలి. అరిస్తే పక్క గదిలో అత్తమ్మ వింటుంది. మెసేజ్ పెడదామంటే మీ మరిది మారుతన్న ఫోను మీ ఇంట్లో అందరూ చదివే ఫోనాయె. అందుకని పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కొచ్చుకున్నాను. అక్కడ కూర్చున్నాయన నన్ను ఏదో పాతకాలం మనిషిని చూసినట్టు చూశాడు.

చెప్పాల్సింది మీ అమ్మ ఆయాసం గురించి. పోయిన వారం మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఎక్స్‌రే చూసి, మందులు తరువాత, ముందు ఇంట్లో దుమ్ము తగ్గించమన్నాడు. బండల పాలిష్ మిషన్ల వెనక సందులో కాపురముండే వాళ్లకు చెప్పే మాటేనా అది? నాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. "మీ ఇంటాయన ఊపిరితిత్తులు చూసింది కూడా నేనే తల్లీ" అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన చెప్పినవన్నీ మొదలుపెట్టాను. చీపురును అటకెక్కించాను. ఊడిస్తే దుమ్ము పోదట, లేచి గాల్లో తిరిగి మళ్లీ మన ముక్కులోకే వస్తుందట. తడిగుడ్డతోనే తుడవాలి, ఆ గుడ్డను బయట ఉతకాలి. అత్తమ్మ దూదిపరుపు తీసేసి నవారు మంచం మీద వేడినీళ్లలో ఉతికిన దుప్పటి వేస్తున్నాను. మంచం కింద ఉన్న పాత సామానంతా బయటికి పోయింది. గుడ్డల నూగు పడదంటే కుట్టు మిషను వసారాలోకి జరిపాను. కిటికీలకు తడి పంచెలు కట్టాను. ముగ్గుపిండి కూడా రాతిపొడే కదా, దాన్ని పారబోసి బియ్యప్పిండి తడిపి ముగ్గేస్తున్నాను. దోమల బత్తి, అగరొత్తులు బంద్. అగరొత్తుల సంగతి మాత్రం మీ అమ్మకు నచ్చలేదు. "దేవునికి గూడా ఆయాసమొచ్చిందా ఏమి" అంది.

ఎదురింటి సుంకమ్మ అయితే రోజూ వచ్చి విచారిస్తుంది. "ఏమ్మే, చీపురు పట్టకుండా ఇల్లెట్ల శుభ్రం జేస్తాండావు, మంత్రాలేస్తాండావా?" అని. వేస్తే బాగుండునని నాకూ ఉంది.

ఇంత చేసినా ఒకటి అంతు చిక్కడం లేదు వదినా. ప్రతి పొద్దున అత్తమ్మ గదిలో, గడపకూ మంచానికీ మధ్య, తెల్లటి పొడి సన్నగా పరుచుకుని ఉంటుంది. ఇల్లంతా నల్లబండలు నల్లగానే ఉంటాయి. అక్కడ మాత్రం జల్లెడ పట్టి పోసినట్టు ఉంటుంది. కప్పు చూశాను, గోడ చూశాను, ఎక్కడా సందు లేదు. నీ తమ్ముడు ఉన్నన్నాళ్లూ పని నుంచి వచ్చి చొక్కా విప్పి విదిలించేది ఆ గడప దగ్గరే. ఇది ఎందుకు రాశానో నాకే తెలియదు. పట్టించుకోకు.

సుజాత

~

ధర్మవరం
ఫిబ్రవరి 17

సుజాతకు నాగలక్ష్మమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది, అది దాచుకోవడం నాకు చేతకాదు. గాలికి కళ్లుంటాయా, ఇల్లంతా వదిలేసి ఒక్క చోట చూసుకుని దుమ్ము పోసిపోవడానికి? నువ్వు ఆ గది సరిగా తుడవడం లేదు. మిషను మీద కూర్చుంటే నీకు లోకం తెలియదు, పెళ్లయిన కొత్తలోనే చూశాను.

అమ్మను ఇక్కడికి పంపించు. ఇక్కడ రాళ్ల మిషన్లు లేవు, మా ఇంటి వెనక గది గాలీ వెలుతురూ ఉన్న గది. పోయిన నెల మారుతి వచ్చి పిలిస్తే గడప దాటనని మొండికేసిందట. ఏముందని ఆ ఇంట్లో? మగ్గం మీద బతకలేక కేశవ బండల పనికి పోయాడు, వాని వెనక మీరు పోయారు. వాడే లేనప్పుడు ఆ దుమ్ములో మీ ఇద్దరికీ ఏం పని? అమ్మ ఒక్కతే రానంటే నువ్వూ రా. ఇక్కడ మాత్రం కుట్టే జాకెట్లు లేవా?

ఇంకొక మాట. నాకు చెప్పకుండా దాచేదేమైనా ఉంటే రాసెయ్. నా తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ "బాగానే ఉన్నాడు వదినా" అంటూ వచ్చావు. చివరికి నేను వచ్చేసరికి మొహం మీద గుడ్డ కప్పి ఉంది. నా మనసు నొప్పించకూడదని చేశావని తెలుసు. అయినా నువ్వు "ఏమీ లేదు" అంటే నాకు భయమేస్తుంది.

నాగలక్ష్మమ్మ

~

తాడిపత్రి
మార్చి 4

వదినకు నమస్కారాలు.

నన్ను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకో. గది నేను సరిగానే తుడుస్తున్నాను. పొడి ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది.

దీపాలు పెట్టే వేళకు అత్తమ్మ రోజూ గది తలుపు వేసుకుంటుంది, దండం పెట్టుకుంటోంది అనుకునేదాన్ని. మొన్న సంతకని బయలుదేరి, సంచి మరిచిపోయి వెనక్కి వచ్చాను. తలుపు తోశాను. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్లో గోనెసంచి. అందులో నీ తమ్ముడు పనికి వేసుకుపోయిన చొక్కాలు. చివరి వారం విప్పినవి, ఉతకనివి. అవి ఎక్కడున్నాయో తెలియక నేను ఎంత వెతికానో. ఆమె ఒక చొక్కాను ముగ్గు జల్లెడ మీద దులుపుతోంది. ఆ రాలిన పొడిని నేల మీద జల్లిస్తోంది. మధ్యలో దగ్గు. దగ్గు ఆగేదాకా ఆగడం, మళ్లీ జల్లించడం.

"అత్తా, ఏం జేస్తాండావు?" అన్నాను.

"కనపళ్లేదా. వానికి జల్లించి పెడ్తాండా."

అప్పుడు అర్థమైంది. పదకొండో దినానికి ముందు సాయంత్రం ఆ గదిలోనే కదా నువ్వు పిండి జల్లించి పైన గంప బోర్లించావు. పోయినవాళ్లు ఇంటికొచ్చి చూసుకుని పోతారని, పొద్దున్నే ఆ పిండి మీద ఆనవాలు కనపడుతుందని. మీ నాయనకు పిట్టకాలు పడిందని అత్తమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. నీ తమ్మునికి మాత్రం చీమల బారు తప్ప ఏమీ పడలేదు.

"పదకొండో దినమప్పుడే పెడ్తారు గదత్తా, నెలల తరబడి యాడన్నా పెడ్తారా?"

"వాడు ఇంట్లో పోయింటే పదకొండో దినమే వస్తుండె. ఆస్పత్రిలో పాయె. ఊపిరి ఆడ పోయినోనికి ఇల్లు యాడుండాదో ఎట్ల తెలుస్తాది? కర్మ చేయించిన నాగన్నే చెప్పినాడు, అట్లాంటి జీవం ఇల్లు ఎతుక్కుంటా ఏడాది లోపల వస్తాదని."

నాగన్న ఏడుస్తున్న ముసలామెను ఓదార్చడానికి అన్న మాట అది. ఈమె దాన్ని కొంగున ముడేసుకుంది.

"అట్లయితే పిండే పెట్టొచ్చు గదా."

"పిండి చీమలు తింటాండాయి. దీన్ని చీమలు ముట్టవు" అంది. తరువాత కాసేపు ఊపిరి తీసుకుని, "ఇది వాని ఒంటి మీద పొడి. వాడు గుర్తు పడ్తాడులే" అంది.

ఆ పొడే వదినా నీ తమ్ముని రొమ్ములో గడ్డకట్టింది. ఏ పొడి కొడుకును తీసుకుపోయిందో అదే పొడిని తల్లి రోజూ తన చేత్తో జల్లించుకుని పీల్చుకుంటోంది. నేను ఇల్లంతా తడిగుడ్డ పట్టుకుని తిరుగుతున్నాను. నాకు ఏడుపు రాలేదు, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. సంతకు పోలేదు.

సుజాత

~

ధర్మవరం
మార్చి 12

సుజాతకు,

నీ మీద కోప్పడినందుకు ఏమీ అనుకోకు.

ఆ చొక్కాలు ఉతికెయ్. ఉతకడానికి చేతులు రాకపోతే తీసుకుపోయి పెన్నలో వదిలెయ్. అమ్మ ఏడుస్తుంది, ఏడవనీ. ఏడిస్తే ఆయాసం వస్తుంది గానీ ప్రాణం పోదు. నాగన్న కనపడితే నా పేరు చెప్పి నాలుగు తగిలించు. ఓదార్చడం చేతకానివాడు నోరు మూసుకుని తాంబూలం తీసుకుపోవాలి.

జల్లెడ కూడా దాచెయ్. గోనెసంచి కాల్చెయ్.

మా ఇంట్లో అందరూ బాగున్నాం.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. పదకొండో దినం పొద్దున గంప ఎత్తింది నేనే కదా. అందరూ నా భుజాల మీదుగా చూస్తున్నారు. ఏమీ లేకపోయేసరికి నాకు సిగ్గేసింది, వాడు నా ముఖం చూడకుండా వెళ్లిపోయినట్టు. ఇప్పటికీ నేతకు కూర్చున్నప్పుడు అదే గుర్తొస్తుంది.

ఆ పొడి మీద ఎప్పుడైనా ఏమైనా కనపడిందా? ఊరికే అడిగాను. జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

నాగలక్ష్మమ్మ

~

తాడిపత్రి
ఏప్రిల్ 8

వదినా,

చొక్కాలు ఉతకలేదు. ఎందుకని అడిగితే చెప్పడానికి ఒకటే ఉంది, అది కూడా సిగ్గుతో చెప్తున్నాను. తుడిచేముందు నేనూ చూస్తున్నాను. పొద్దున్నే తడిగుడ్డ చేతిలో పట్టుకుని, ఆ తెల్లపొడి పక్కన వంగి, వెలుతురుకు అటూ ఇటూ తల తిప్పి చూస్తున్నాను. ఏమీ ఉండదు. అప్పుడు తుడుస్తాను. నువ్వు అడిగినదానికి జవాబు అదే.

ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు రావాల్సి ఉన్నట్టే ఉంటుంది వదినా. గిన్నె కింద పెట్టినా మెల్లగా పెడుతున్నాను. అత్తమ్మ గడప వైపు చూస్తూ అన్నం తింటుంది. ఆమె చూస్తుంటే నేనూ తల తిప్పి చూస్తాను.

ఉగాది ముందు నుంచి ఎండలు మొదలయ్యాయి, వడగాలి. మొన్న ఆదివారం అత్తమ్మకు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి, మాట రాలేదు, నా చేయి పట్టుకుంటే గోళ్లు దిగాయి. సుంకమ్మ కొడుకు ఆటో తెచ్చాడు. ఆస్పత్రిలో మూతికి గొట్టం పెట్టి మందు గాలి పట్టించారు. రెండు రోజులు ఉంచుకున్నారు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, "ఇంకో ఎండాకాలం ఈమె ఇట్లాంటి దుమ్ము పీలిస్తే నేను చేసేదేమీ ఉండదు" అన్నాడు. ఇల్లు శుభ్రంగా పెట్టడం లేదని ఆయన అనుకుంటున్నాడు. చొక్కాల సంగతి ఆయనకెట్లా చెప్పేది?

ఇంటికి తెచ్చిన సాయంత్రమే, ఆయాసపడుతూ, జల్లెడ యాడుండాదని అడిగింది.

అప్పటి నుంచి తెల్లవారుజామున లేచి ఆమె గదిలోకి పోతున్నాను. ముక్కు దగ్గర పట్టుపోగు పట్టి చూస్తాను. పోగు కదిలితే మెల్లగా వచ్చేస్తాను. నేతింటి కోడలికి చేతికందేది అదే కదా. పొడి తొక్కకుండా గోడ పక్కగా పోయి గోడ పక్కగా వస్తాను. తొక్కితే ఆమె కొడుకే వచ్చాడని అనుకుంటుంది, అంత మోసం చేయలేను.

ఏమైనా తోవ ఉంటే చెప్పు. తిట్టడం మాత్రం తరువాత పెట్టుకో.

సుజాత

~

ధర్మవరం
ఏప్రిల్ 15

సుజాతా,

తిట్టను. నీ ఉత్తరం మగ్గం మీదే పెట్టుకుని చదివి, ఆ పూట పని మానేశాను.

ఒకటి తట్టింది. ఎండాకాలం వస్తే నాయన ఏం చేసేవాడో అమ్మను అడుగు. గాలి ఎండితే పట్టుపోగు పటపట తెగుతుందని మగ్గం గుంట చుట్టూ ఇసుక పోసి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లి తడిగా పెట్టేవాడు. ఆ ఇసుక నుంచి రవ్వంత దుమ్ము కూడా లేచేది కాదు. దాని మీద మేం నడిస్తే వేళ్లతో సహా అచ్చు పడేది. కేశవ చిన్నప్పుడు ఆ ఇసుక మీద తప్పటడుగులు వేసి నాయన చేత తిట్లు తినేవాడు.

అమ్మకు కావాల్సింది ఆనవాలు పడే నేల. అది పొడిదే కావాలని ఎవరన్నారు? తడి ఇసుక పెట్టు. వద్దని చెప్పి ఆమెతో గెలవలేం, నేను పుట్టినప్పటి నుంచి ఆ ప్రయత్నంలోనే ఉన్నాను. ఏడాది లోపల అంటోంది కాబట్టి ఆ ఏడాదైనా ప్రాణంతో ఉండనీ.

నాగలక్ష్మమ్మ

~

తాడిపత్రి
మే 6

వదినకు నమస్కారాలు.

పెన్న ఇసుక రెండు బుట్టలు తెప్పించాను. బయటే బాగా కడిగి, మట్టి పోయేదాకా నీళ్లు మార్చి, గడపకూ మంచానికీ మధ్య పరిచి చుట్టూ ఇటుకలు పేర్చాను. సుంకమ్మ తొంగి చూసి, "ఇంట్లోకి ఏరు తెచ్చుకున్యారేమ్మే" అంది.

మీ అమ్మ ఒప్పుకోవడానికి ఒక పగలంతా పట్టింది. మీ నాయన మగ్గం గుంట మాట చెప్పాను. వినీ విననట్టు ఉంది. ఆఖరుకు మంచం దిగి, అరచేతిని ఇసుకలో అదిమి, ఆ గుర్తును చానాసేపు చూసింది.

"పడ్తాది" అంది.

"పడ్తాదత్తా. పొడి మీద కంటే బాగా పడ్తాది."

"చల్లగా గూడా ఉండాది. బండల కాడ నిలబడీ నిలబడీ వాని కాళ్లు ఎట్ల కాలింటాయో" అంది. ఆ మాటతో ఒప్పుకున్నట్టే.

మరుసటి రోజు చొక్కాలు తనే తెచ్చి ఇచ్చింది. బండ మీద బాదడానికి మనసొప్పక తొట్టిలో వేసి చేత్తోనే పిండాను. నీళ్లు పాలలాగా తెల్లగా వచ్చాయి. ఎన్నిసార్లు మార్చినా తెల్లగానే వచ్చాయి. అవి తీగ మీద ఆరుతుంటే లోపల మనిషి ఉన్నట్టు గాలికి ఉబ్బాయి. నేను లోపలికి వచ్చేశాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం చెంబుతో నీళ్లు చల్లడం అత్తమ్మ పని. ఆయాసం సగానికి సగం తగ్గింది. వెనక పెట్టుకునే దిండ్లు రెండూ తీసేసి మామూలుగా పడుకుంటోంది. నిన్న బొరుగుల ఉగ్గాని చేయమని అడిగి, కారం చాలలేదని నన్ను తిట్టింది. తిట్టడానికి ఊపిరి సరిపోయిందని నాకు ఎంత సంతోషమేసిందో.

నేను తెల్లవారుజామున పోవడం మానలేదు. ఇసుకకు కొంచెం పక్కగా నడుస్తాను.

సుజాత

~

తాడిపత్రి
జూన్ 5

వదినకు,

ఇసుకలో అడుగు పడింది.

నిన్న పొద్దున నేను ఇంకా పడుకునే ఉన్నాను. అత్తమ్మ వచ్చి భుజం పట్టుకుని లేపింది. చేయి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. ఇసుక మధ్యలో ఒక్క అడుగు. వేళ్లు మంచం వైపు ఉన్నాయి. ఇంకొకటి లేదు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే వీధిలోకి పోయి అందరినీ పిలుస్తుందనుకున్నాను. మంచం మీద కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"ఇది నీ కాలే సుజాతా. దినామూ తెల్లారుజామున వచ్చి నా ముక్కుకాడ పోగు పట్టేది నువ్వని నాకు తెల్దనుకున్యావా? మొదట్లో వాడే వచ్చి వంగి చూస్తాండాడనుకుంటి. కండ్లు తెరిస్తే పోతాడని మూసుకునే పండుకుంటాంటి. ఒగనాడు ఓర్సుకోలేక తెరిస్తే నువ్వు. మల్ల మూసుకుంటి. వాడు రాడులే. నాకోసరం వచ్చేదానివి నువ్వే. నువ్వు గూడా ఈ దుమ్ములో ఎన్నాళ్లని ఉంటావు? నాగలక్ష్మి కాడికి పోదాం పద, ఇద్దరమూ."

నేను ఎదురు చెప్పలేదు.

మారుతన్నను పంపించు. అత్తమ్మ మూట కట్టుకుని కూర్చుంది. నా దగ్గర పెళ్లి జాకెట్లు కొన్ని ఒప్పుకున్నవి ఉన్నాయి, అవి కుట్టిచ్చి, ఇల్లు ఖాళీ చేసి వారం పది రోజుల్లో నేనూ వస్తాను.

సుజాత

~

ధర్మవరం
జూలై 7

సుజాతా,

అమ్మ బాగుంది. నిన్న వీధి చివర చౌడేశ్వరి గుడిదాకా నడిచి, ఎక్కడా కూర్చోకుండా తిరిగొచ్చింది. ఇక్కడి డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి, ఇదివరకు రాసిన మందుల్లో ఒకటి తీసేశాడు. వెనక గదిని నువ్వు చెప్పినట్టే తడిగుడ్డతో తుడిపిస్తున్నాను. మా కోడలు నన్ను చూసి మూతి తిప్పుకుంటోంది.

నువ్వు వారం అన్నావు, నెల దాటింది. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఫోనులో మారుతి అడిగితే "జాకెట్లు ఉన్నాయన్నా" అన్నావట. ఏ పెళ్లికూతురు ఇన్ని జాకెట్లు కుట్టించుకుంటోంది?

కేశవ సంవత్సరీకం దగ్గరికొచ్చింది. ఇక్కడే చేద్దామని అమ్మ కూడా అంది. నువ్వు లేకుండా ఎట్లా చేసేది?

నువ్వు మారుతితో "ఏమీ లేదన్నా" అన్నావట. ఆ మాటంటే నాకు భయమని ముందే రాశాను.

నాగలక్ష్మమ్మ

~

తాడిపత్రి
జూలై 12

వదినా,

ఈ ఉత్తరం అత్తమ్మకు చూపించొద్దు. చదివి చించెయ్.

ఆ అడుగు నాది కాదు.

ముందు రోజు సాయంత్రం నుంచి నాకు జ్వరం. అత్తమ్మకు అంటుతుందేమోనని మాత్ర వేసుకుని వంటింట్లో పడుకున్నాను. తెల్లవారి అత్తమ్మ లేపితే గానీ మెలకువ రాలేదు. పోగు పట్టడం మొదలుపెట్టిన తరువాత నేను ఆ గదిలోకి పోనిది ఆ ఒక్క పొద్దే.

అత్తమ్మ మొహం కడుక్కోవడానికి దొడ్లోకి పోయినప్పుడు నా కాలు దాని పక్కన పెట్టి చూశాను. నాది చిన్నదైంది.

ఆమె "నీ కాలే" అన్నప్పుడు కాదని ఎట్లా చెప్పేది? చెప్పి ఉంటే ఆ ముసలామెను ఆ గడప నుంచి ఎవరైనా కదిలించగలిగేవాళ్లా? ఇంకో అడుగు కోసం ఈ ఇంట్లోనే కూర్చుని ఊపిరి పోగొట్టుకునేది. కొడుకు రాలేదని ఆమె నమ్మింది కాబట్టే బతికింది. నేను నోరు మూసుకున్నాను, మంచిదే అయింది. కానీ ఆయన వచ్చాడని తెలిసింది నాకు ఒక్కదానికే వదినా. తెలిసీ తాళం వేసుకుని ఎట్లా రావాలి?

ఇసుక ఇప్పుడు నేను తడుపుతున్నాను. కిటికీలకు పంచెలు కట్టడం మానేశాను, తలుపు కూడా ఓరగా పెడుతున్నాను. మూస్తే రావద్దన్నట్టు ఉంటుంది. ఆషాఢం గాలి కదా, ఇల్లంతా తెల్లగా అయింది. తుడవబుద్ధి కావడం లేదు. తుడిచీ తుడిచీ నేనే ఆయనకు తోవ లేకుండా చేశానేమో. కొంచెం దగ్గు పట్టుకుంది, తులసి కషాయం తాగుతున్నాను.

మళ్లీ పడలేదు. ఏడాది నిండేలోపల ఇంకొక్కసారి వస్తాడేమో చూసి వస్తాను. ఆయన పోయినప్పుడు నేను మందులు తేవడానికి కిందికి పోయి ఉన్నాను. నేను చూస్తుండగా పోలేదు. అందుకే, ఇంకేమీ లేదు.

సుజాత

~

ధర్మవరం
జూలై 16

సుజాతా,

ఈ ఉత్తరం అందిన మరుసటి రోజు నేను అక్కడుంటాను. చెవులు వినపడకపోయినా బస్సు బోర్డులు చదవగలను. మారుతిని తోడు రావద్దన్నాను.

తడి ఇసుక ఆరితే అంచులు జారి అడుగు పెద్దదవుతుంది, చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. జ్వరంలో మనిషి లేచి ఎక్కడ నడిచిందో మనిషికే గుర్తుండదు. ఇవన్నీ నీతో వాదించవచ్చు. వాదించను. వాడే వచ్చాడనుకుందాం. వాడు నాకు తమ్ముడు, వచ్చాడంటే నాకు మాత్రం చేదా? నీ ఉత్తరంలో ఆ మాట చదివిన తరువాత చాలాసేపు నాకు ఏమీ కనపడలేదు.

వచ్చాడు, తల్లి కష్టం లేకుండా ఊపిరి తీసుకోవడం చూశాడు, పోయాడు. వాడు చూడాల్సింది అదే. నువ్వు ఆ దుమ్ములో తలుపులు తెరుచుకుని దగ్గుతూ కూర్చోవడం చూడటానికి వాన్ని మళ్లీ పిలుస్తావా? ఆ దగ్గు ఎట్లా మొదలవుతుందో, ఎట్లా ముగుస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు.

నేను వచ్చిన సాయంత్రం ఇద్దరం కలిసి ఇసుక తడుపుదాం. పొద్దున్నే ఇద్దరం చూద్దాం. ఉన్నా సరే, లేకపోయినా సరే, ఆ ఇసుక పెన్నలో కలిపేసి మొదటి బస్సుకు నువ్వు నాతో రావాలి. అందులో మార్పు లేదు.

అమ్మకు నేనేమీ చెప్పలేదు. అయినా ఒకటి నీకు తెలియాలి. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి అమ్మ తెల్లవారుజామున మెలకువ వచ్చినా లేవదు. కళ్లు మూసుకుని, కదలకుండా, గడప వైపు మొహం పెట్టి పడుకుంటుంది. ఏమిటో అనుకునేదాన్ని. నీ ఉత్తరాల్లో నువ్వు పోగు పట్టిన సంగతి మళ్లీ చదివి, నిన్న నేను ఒక పట్టుపోగు తీసుకుపోయి ఆమె ముక్కు దగ్గర పట్టాను. పోగు బాగా కదిలింది. ఆమె కళ్లు తెరవకుండానే ఏదో అంది. నాకు వినపడదు కదా, పెదవులు చూసి తెలుసుకున్నాను.

"నువ్వు కాదులే" అంది.

నాగలక్ష్మమ్మ